కంపౌండర్ సాబ్‌కు చెప్పని మాట

మా ఎల్లారెడ్డి పశువుల దవాఖానలో ముప్పై ఏళ్ళు కంపౌండరుగా పనిచేసిన పెద్దమనిషి పోయిన శుక్రవారం కన్నుమూశారు. ఆ కబురు నాకు కామారెడ్డిలో, నేను పాఠాలు చెప్పే బడిలోనే తెలిసింది. మా ఊరి నుంచి రోజూ వచ్చిపోయే తోటి టీచరమ్మ నా తరగతి తలుపు దగ్గర నిలబడి, "మీ కంపౌండర్ సాబ్ పోయిండంట" అంది. నేను తలూపి బోర్డు వైపు తిరిగి మిగిలిన లెక్క పూర్తిచేశాను. ఏం చేశానో పిల్లలకే తెలియాలి.

ఆమె "మీ" అనడంలో తప్పులేదు. పదకొండేళ్ళ వయసులో నేను పద్నాలుగు రోజులు ఆయన చెయ్యి పట్టుకొని కామారెడ్డికి తిరిగినదాన్ని. మా వాడలో అందరికీ ఆ సంగతి తెలుసు. తెలియనిది ఇంకొకటుంది. అది ఈ ఇరవై ఏళ్ళలో నేను ఎవరికీ చెప్పలేదు. ఆయన గురించి నాలుగు మంచిమాటలు రాసి ఊరుకుందామని కూర్చున్నాను గానీ, అది చెప్పకుండా ఏది రాసినా అబద్ధమే అవుతుంది.

అప్పట్లో మా దవాఖానకు వచ్చేవి ఎడ్లూ బర్రెలూ మేకలూ. డాక్టరు పోస్టు సగం రోజులు ఖాళీగానే ఉండేది కాబట్టి అన్నిటికీ ఈయనే. కుక్కనో పిల్లినో ఎత్తుకొస్తే ఎడ్లోళ్ళు నవ్వేవాళ్ళు. "కుక్కకు దవాఖానేంది, రేపు కోడిని గూడ తెస్తరా?" అనేవాళ్ళు. అయినా ఎక్కడెక్కడినుంచో వచ్చేవాళ్ళు. మద్నూర్ నుంచి పత్తి వ్యాపారి ఒకాయన తెల్లటి బొచ్చుకుక్కను జీపులో పెట్టుకొచ్చేవాడు, దాని చెవిపోటుకు. కంపౌండర్ సాబ్ ఆయనతో మరాఠీలో, కుక్కతో ఉర్దూలో, చుట్టూ చేరిన మాతో తెలుగులో మాట్లాడుతూ ఒకే నిమిషంలో మూడు పనులు చక్కబెట్టేవారు. కుక్కలకూ పిల్లులకూ వేరే వైద్యం ఉంటుందని, దానికి పట్నం పోవాలని ఆయనే చెప్పేవారు. పోయేవాళ్ళు ఎవరు? దారిలోనే పానం పోతుందని మళ్ళీ ఈయన దగ్గరికే వచ్చేవాళ్ళు.

ఆయన పద్ధతి ఒకటుంది. సూది ఇచ్చే ముందు జంతువు ముఖం ముందు కూర్చొని చెప్పేవారు: "చూడు బేటా, సూది ఇస్తున్న. జర నొస్తది. నొయ్యదని నీకు అబద్ధం చెప్ప." ఇది విని అందరూ నవ్వితే ఆయనా నవ్వేవారు. తెచ్చినవాళ్ళ మీదికి మాత్రం కోర్టులో వకీలులా లేచేవారు. ఎప్పుడు తిన్నది, ఎన్నడు నీళ్ళు తాగింది, ఎవరి పసరు పోసినవ్, నిజం చెప్పు. పసరువైద్యుడి దగ్గరికి పోయొచ్చి దాచిపెట్టిన ఒక రైతును అందరి ముందరా ఎన్ని మాటలన్నారో నేను చూశాను. "నోరులేనిది చెప్పదు. తెచ్చినోడే చెప్పాలె. నువ్వు అబద్ధమాడితే నేను గుడ్డోణ్ణి" అన్నారు. ఆయన కోపం మంచి కోపమేమీ కాదు, మనిషిని చిన్నబుచ్చే కోపం. ఆ రైతు మళ్ళీ ఎన్నడూ రాలేదు.

మా కుక్క పేరు మోతి. మా బాపు మహారాష్ట్రలో భివండి మగ్గాల పనికి పోయే ముందు దాన్ని పిల్లగా ఉన్నప్పుడు తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "నేనొచ్చేదాక ఇది నీ తోడు" అన్నాడు. అమ్మ పొద్దంతా బీడీలు చుట్టేది. నేను ఏం మాట్లాడినా మోతితోనే.

ఆ ఎండాకాలం వాడలో పిచ్చికుక్క తిరిగింది. అది కరిచిన కుక్కలన్నిటినీ కట్టెలతో కొట్టి చంపారు. పక్కింటి కుక్కను మా గడప ముందే చంపారు. తర్వాత ఒక పొద్దున బీడీల కార్ఖానా వెనక ఆ పిచ్చికుక్క మోతి మెడ పట్టుకుంది. నేనొక్కదాన్నే చూశాను. రాయి విసిరితే వదిలి పారిపోయింది. మోతిని ఇంటి వెనక్కి తీసుకుపోయి పుండు కడిగి పసుపు పెట్టాను. అమ్మకు చెప్పలేదు. చెబితే ఏం చేస్తారో కళ్ళారా చూసినదాన్ని కదా. పుండు మానింది, బొచ్చు కప్పేసింది. నేను మోతిని దక్కించుకున్నాననుకున్నాను.

నెలన్నర తర్వాత మోతి తిండి మానేసింది. దవడ కిందికి వేలాడింది, నోరు మూతపడదు, చొంగ కారుతోంది, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గుతోంది. ముందురోజు పక్కింట్లో దావత్ అయి, మిగిలిన ఎముకలు మోతికే వేశారు. దాంతో వాడంతా ఒకటే మాట: బొక్క ఇరికింది. ఒకరు అన్నంముద్ద మింగించమన్నారు, ఒకరు అరటిపండు అన్నారు. నేను రెండుసార్లు మోతి నోట్లో చెయ్యిపెట్టి వెతికాను. అది నన్ను ఏమీ అనలేదు. కళ్ళతో చూస్తూ ఊరుకుంది. పిచ్చికుక్క అంటే మీద పడి కరిచేదే అనుకునేవాళ్ళం. ఇలా నోరు పడిపోయి, మెత్తగా కూర్చునే పిచ్చి కూడా ఉంటుందని మాకెవరికీ తెలియదు.

నేనూ అమ్మా దాన్ని గోనెసంచిలో మోసుకొని దవాఖానకు పోయాం. కంపౌండర్ సాబ్ అన్నీ అడిగారు. తిండి, నీళ్ళు, బొక్కలు, దాని నోట్లో చెయ్యి ఎవరు పెట్టారు. తర్వాత నా వైపు తిరిగి అడిగారు.

"ఈ నడుమ ఏ కుక్కన్న కరిచిందా బిడ్డా?"

ఆయన వెనక గోడకు ఎడ్లను అదుపు చేసే కట్టెలు ఆనించి ఉన్నాయి. నేను వాటిని చూశాను. మోతిని చూశాను.

"లేదు సాబ్."

"సరిగ్గ యాది చేస్కో."

"లేదు."

ఆయన నా మాట నమ్మారు. మోతి ముందు కూర్చొని, "బేటా, నోట్ల చెయ్యి పెడుతున్న, బొక్క తీస్త, జర ఓపిక పట్టు" అని చెప్పి, మోచేతి దాకా చొక్కా మడిచి, గొంతు దాకా చెయ్యి పెట్టారు. పెట్టి చాలాసేపు వెతికారు. బయటికి తీసినప్పుడు చేతిలో ఏమీ లేదు, వేలి మీద పంటిగీత ఉంది. రెండో చెయ్యి ఇంకా మోతి మెడ మీదే ఉంది. ఆయన ముఖంలో రంగు పోయింది.

ముందుగా మోతిని గొలుసుతో వెనక షెడ్డులో కట్టేశారు. నన్ను నీళ్ళ గోలెం దగ్గరికి లాక్కుపోయి, చేతులకు మట్టి రుద్దారు. కడిగారు. సబ్బుతో మళ్ళీ కడిగారు. తన చెయ్యీ అలాగే. లెక్కబెట్టి ఏడుసార్లు. "కుక్క ఎంగిలి తాకితే మేం గిట్లనే కడుగుతం బిడ్డా, ఒకసారి మట్టితోని, తతిమ్మావి నీళ్ళతోని" అన్నారు. నమాజీ మనిషి గనుక ఆచారం పాటిస్తున్నారనుకుంది అమ్మ. ఆ కడగడం మా ఇద్దరికీ ఎంత మేలు చేసిందో ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక డాక్టరు చెబితే తెలిసింది.

చేతులు తుడుచుకున్నాక అప్పుడు చెప్పారు. "బొక్క లేదు చెల్లె. ఇది పిచ్చి. నాకూ సూదులు పడాలె, నీ బిడ్డకూ పడాలె. కామారెడ్డిల ఇస్తరు. నేనెట్లన్న పోతున్న, బిడ్డను నేను తీస్కపోత. నువ్వు బీడీలు చుట్టుకో."

అమ్మ నా రెండు చేతులూ తిప్పి తిప్పి చూసింది. నేను ఏడవలేదు.

మర్నాటినుంచి పొద్దుటి బస్సు. లింగంపేట, తాడ్వాయి, కామారెడ్డి. బొడ్డు చుట్టూ రోజుకొక సూది, మొత్తం పద్నాలుగు. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరం కడుపు పట్టుకొని వంగి కూర్చునేవాళ్ళం. కండక్టరు మమ్మల్ని చూసి, "తాతా మనుమరాలూ ఒక్కతీరుగ నమస్కారం పెడుతున్నరు" అన్నాడొకసారి. కంపౌండర్ సాబ్‌కు నవ్వొచ్చింది, నవ్వితే కడుపు నొప్పి, "అరే, నవ్వియ్యకు భాయ్" అని బతిమిలాడారు. మూడోరోజు బస్సులో మోతి ఎట్లుందని అడిగాను. ఆయన నాతో కూడా అబద్ధం చెప్పలేదు. "పోయింది బిడ్డా. నిన్న మాపటికి. నేను దగ్గర్నే ఉన్న." నా చేతిలో పల్లీలు పోసి, తినకపోయినా ఏమీ అనలేదు.

రోజూ తాడ్వాయి దాటగానే చెప్పేద్దామనుకునేదాన్ని. నోరు తెరిచేదాన్ని కూడా. ఆయన "ఏంది బిడ్డా?" అనేవారు. "ఏం లేదు" అనేదాన్ని. ఆ రైతును తిట్టిన తిట్లు గుర్తుకొచ్చేవి. అట్లా పదకొండు రోజులు పోయాయి.

పన్నెండోరోజు కామారెడ్డిలో బస్సు దిగుతుంటే ఆయన ఎడమకాలు మెట్టు మీద నిలవలేదు. నేను పట్టుకోబోయాను, ఇద్దరం పడ్డాం. డాక్టరు చూసి ఆయనకు సూదులు ఆపేశారు. ఆ కాలపు మందు కొందరి నరాలకు పడదట. ఆపారే గాని, నాకు ఇంకా మూడు మిగిలాయి. ఆ మూడు రోజులూ ఆయనే సీటు సీటూ పట్టుకుంటూ నన్ను తీసుకుపోయి తీసుకొచ్చారు. తర్వాత నెలల తరబడి మంచంలో ఉన్నారు. లేచారు, మళ్ళీ పనిలోకి పోయారు. కాలు మాత్రం చివరిదాకా ఈడ్చే నడిచారు. ఎవరన్నా అడిగితే, "గాలి తాకింది" అనేవారు. అమ్మ ఒకసారి చూడబోయి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "నీ తప్పేముంది చెల్లె? నేనే సరిగ్గ అడగలే" అన్నారు. నేను ఆ మంచం పక్కనే నిలబడి ఉన్నాను.

నేను లేదంటే కదా ఆయన చెయ్యి పెట్టింది. ఔనని ఉంటే మోతిని ఎట్లాగూ పోగొట్టుకునేదాన్ని, ఆయన కాలు ఆయనకుండేది. ఈ లెక్క నేను ఎన్నిసార్లు చేశానో. బడి వరండాలో ఎవరన్నా బల్ల జరిపితే చాలు, ఆయన కాలి చప్పుడే అనిపించి పాఠం ఆగిపోతుంది. కలలో మోతి నోరు తెరుచుకొని కూర్చుంటుంది. ఆయన చొక్కా మడుస్తుంటారు. నన్ను అడుగుతారు. కలలో కూడా నేను లేదనే అంటాను. ఒక్కసారైనా ఔననలేకపోయాను.

మూడోనాడు జియారత్‌కు, ఆయన పేరిట చేసే ప్రార్థనకు, ఎల్లారెడ్డి పోయాను. ఆడవాళ్ళంతా వెళ్ళిపోయాక ఆయన భార్య దగ్గర కూర్చున్నాను. చిన్నప్పటినుంచీ ఆమెను ఖాలా అనే పిలుస్తాను. ఖాలా చెయ్యి పట్టుకొని మొత్తం చెప్పాను. కార్ఖానా వెనక సంగతి, పసుపు, దవాఖానలో నేనన్న మాట. ఆమె తిడితే బాగుండుననుకున్నాను.

ఖాలా కొంగుతో ముఖం తుడుచుకొని, "ఆయనకు ఎర్కనే బిడ్డా" అంది.

నాకు అర్థం కాలేదు.

"అదేనాడు ఎర్క. కుక్క మెడ మీద పంటిగాటు చేతికి తాకిందంట. ఇంటికొచ్చి నాకు చెప్పిండు. పోరి అబద్ధమాడిందని నేను మీ ఇంటి మీదికి పోతనంటె పోనియ్యలే. కుక్క కోసం ఆడింది, దానంతట అదే చెప్తది ఒకనాడు అన్నడు."

"మరి నన్నెందుకు అడగలేదు ఖాలా?"

"ఒకసారి అడిగిన గద, మల్లేం అడగాలె అనేటోడు. మొండిమనిషి. నీకెర్క లేదా?" ఖాలా కొంగు సర్దుకుంది. "నువ్వు లగ్గం పత్రిక ఇయ్యనీకి వచ్చినవ్ గద. పొద్దున్నే గడ్డం గీస్కొని కూసున్నడు. ఇయ్యాల చెప్తది చూడు, పెండ్లై పోతున్నది గద, ఇయ్యాల చెప్పకుంట పోదు అన్నడు."

నాకు ఆయన మీద కోపం వచ్చింది. పోయిన మనిషి మీద అలా కోపం వస్తుందని నాకు తెలియదు. సాబ్, మీరొక్క మాట అని ఉంటే? ఆ రైతును అన్నట్టు నాలుగు తిట్టి ఉంటే? జంతువుకు కూడా ముందే చెప్పి చేసే మనిషి, మీకు తెలుసని నాతో ఎందుకు అనలేదు?

పత్రిక ఇచ్చిన ఆరోజు నేను వాళ్ళింట్లో గంటసేపు కూర్చున్నాను. పెళ్ళికొడుకు గురించీ, వాళ్ళ ఊరు బీర్కూర్ గురించీ, అన్నీ చెప్పాను. చాయ్ తాగి లేచాను. నేను వద్దన్నా వినకుండా ఆయన బస్టాండు దాకా వచ్చారు. నేను ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంటే, కింద నిలబడి కిటికీ ఊచ పట్టుకున్నారు. డ్రైవరు బండి తీశాడు. ఆయన ఊచ వదల్లేదు. ఎడమకాలు ఈడ్చుకుంటూ బస్సు పక్కనే నడవసాగారు. నేను భయపడి, "ఏమన్నా మర్చిపోయిన్రా సాబ్?" అని అరిచాను.

"నేనేం మర్వలే బిడ్డా" అన్నారు. ఇంకో నాలుగడుగులు నా ముఖంలోకే చూస్తూ నడిచి, చెయ్యి తీసేశారు.