లారీ వెనక ఎర్ర దీపం

సూర్యుడు ఎప్పుడు దిగుతాడో మా ఆఫీసులో నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. చలికాలం వస్తే మీటింగు మధ్యలో కూడా నా చూపు కిటికీ మీదికే పోతుంది. నోయిడాలో ఆఫీసు, ఘాజియాబాద్‌లో ఇల్లు. వెలుగుండగా బయల్దేరగలిగితే బైక్ మీద వెళ్తాను. లేదంటే బండిని బేస్‌మెంట్‌లో వదిలేసి ఆఫీసు క్యాబ్ ఎక్కి, "స్టార్ట్ కాలేదు" అని ఇంట్లో చెబుతాను. ఢిల్లీ చుట్టుపక్కల అంత మొండి బండి ఇంకోటి లేదని మా ఆవిడ నమ్మకం. పాపం, దానికే రోగమూ లేదు. రోగం నాది.

నాకు రేచీకటి. చిన్నప్పుడు మా వీధిలో కరెంటు పోతే పిల్లలంతా కేరింతలు కొడుతూ దాగుడుమూతలు మొదలుపెట్టేవాళ్ళు. నేను అరుగు మీద స్తంభం పట్టుకుని కూర్చునేవాణ్ణి. క్యారెట్లు తినిపించారు, ఆకుకూరలు తినిపించారు, ఎవరో చెబితే మేక కాలేయం కూడా తినిపించారు. పెద్దయ్యాక ఒక కంటి డాక్టరు, ఇది తిండితో పోయేది కాదు, పగలు ఇబ్బంది ఉండదు గానీ చీకటి పడ్డాక బండి ముట్టుకోవద్దు అన్నాడు. బుద్ధిమంతుడిలా తల ఊపి వచ్చేశాను. వీధి దీపాలున్న ఊళ్ళో ఎలాగో నెట్టుకురావచ్చు. మనిషి నేర్చుకుంటే గోడలు, మెట్లు, ఎవరి భుజం ఎంత దూరంలో ఉందో అన్నీ అలవాటవుతాయి.

మా ఆవిడకి చెప్పలేదు. పెళ్ళిచూపులు పట్టపగలు జరిగాయి కాబట్టి అడ్డేమీ రాలేదు. ముహూర్తం మాత్రం రాత్రి పెట్టారు. తలంబ్రాలయ్యాక పురోహితుడు మమ్మల్ని బయటికి తీసుకొచ్చి, అమ్మాయికి అరుంధతీ నక్షత్రం చూపించు నాయనా అన్నాడు. నాకు ఆకాశం మసిగుడ్డ. వేలెత్తి, "అదిగో" అన్నాను. ఆమె తల పైకెత్తి చాలాసేపు చూసి, "ఆఁ, కనిపించిందండీ" అంది. ఏది కనిపించిందో దేవుడికెరుక. మా కాపురం ఆ అబద్ధంతోనే మొదలైంది. తర్వాతవి దాని వెనకే వరసగా వచ్చాయి. సాయంత్రాలు ఇల్లు కదలని మనిషి అని ఆమె చుట్టాల దగ్గర నన్ను మెచ్చుకుంటుంటే, కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిలా వింటూ కూర్చునేవాణ్ణి.

ఈ జనవరిలో మా అమ్మాయికి ఎంట్రన్స్ పరీక్ష పడింది. సెంటరు మీరట్ వైపు. గంగ కాలువ రోడ్డు మీద చాలా దూరం వెళ్ళి లోపలికి తిరిగితే, చెరుకు తోటల మధ్య కట్టిన కాలేజీ. క్యాబ్‌లో వెళ్ళండి అంది మా ఆవిడ. పిల్ల మాత్రం, "బైక్ పే చల్తే హై నా, నాన్నా" అని, బండి మీదే పోదామని గారం పోయింది. మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో వస్తుంది. నాన్న అనే మాట ఒక్కటే తెలుగు. ఆ మాటకి ఉబ్బిపోయాను. పదిహేడేళ్ళ పిల్ల ముందు వద్దనడం నామోషీ అనిపించింది. పరీక్ష మధ్యాహ్నానికే అయిపోతుంది, వెలుగుండగానే ఇంట్లో పడతాం అని లెక్క వేసుకున్నాను.

ఆ రోజు వాళ్ళ సర్వర్ పడిపోయింది. పిల్లల్ని లోపలే కూర్చోబెట్టి ఆలస్యంగా పరీక్ష మొదలుపెట్టారు. గేటు బయట తల్లిదండ్రులు చలిమంట వేసుకుని కాలేజీవాళ్ళని తిడుతుంటే, నేను పడమర వైపు చూస్తూ నిలబడ్డాను. పొగమంచులో పొద్దు ఎప్పుడు జారిపోయిందో కూడా తెలియలేదు. మా అమ్మాయి బయటికొచ్చేసరికి చీకటి పడిపోయింది.

మంట దగ్గర పరిచయమైన ఒక తండ్రి కారు తెచ్చుకున్నాడు. "హమ్ భీ ఘాజియాబాద్ జా రహే హై, భాయ్‌సాబ్. బిటియా కో హమారే సాథ్ బిఠా దీజియే, ఠండ్ బహుత్ హై" అన్నాడు. వాళ్ళమ్మాయి పక్కన మా పిల్లని కూర్చోబెట్టుకుని ఇంటి దగ్గర దింపుతానంటున్నాడు. నేను నవ్వి, "నహీ నహీ, హమే ఆదత్ హై" అన్నాను. మాకు అలవాటేనట! మా అమ్మాయి ఒకసారి కారు వైపు, ఒకసారి నా వైపు చూసి హెల్మెట్ పెట్టుకుంది. ఆ ఒక్క చూపు తలచుకుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు.

చీకట్లో నా హెడ్‌లైటు నాకు చూపించేది చక్రం ముందు చాప పరిచినంత మేర. ఎదురుగా బండి వస్తే కళ్ళ నిండా తెల్లటి మంట, అది పోయాక ఏమీ ఉండదు. తప్పనిసరైన రోజుల కోసం నేను ఒక ఉపాయం కనిపెట్టుకున్నాను. ముందు పోయే లారీని పట్టుకుని, దాని వెనక ఎర్ర దీపానికి చూపు కట్టేసుకోవడం. దీపం ఎగిరితే స్పీడ్ బ్రేకరు, పక్కకి జరిగితే మలుపు. ఎవరివో కళ్ళు అరువు తెచ్చుకుని నడపడం అన్నమాట.

కాలువ రోడ్డెక్కగానే అలాంటి లారీ ఒకటి దొరికింది. రెండు దీపాల్లో ఒకటే వెలుగుతోంది, నాకు అది చాలు. వెనక పిల్ల నా జాకెట్ జేబుల్లో చేతులు పెట్టుకుని, ఏ ప్రశ్నకి ఏం రాసిందో చెబుతోంది. ఊఁ కొడుతున్నానే గానీ ఒక్క ముక్కా వినలేదు. కాసేపటికి ఎర్ర దీపం చటుక్కున కుడికి పోయింది. నేనూ కుడికి లాగాను. ఎడమ మోకాలికి ఎండు చెరుకాకులు బరబరా రాసుకున్నాయి.

"నాన్నా! ట్రాలీ!" అని అరిచింది పిల్ల.

"చూశాన్లే" అన్నాను. చూడలేదు. దీపం లేని చెరుకు ట్రాలీ అది, ఆగి ఉందో కదులుతోందో కూడా నాకు తెలియదు. అక్కడ ఆగాలి. ఆగి, బండి దిగి, పిల్లకి చెప్పాలి. నేను గేరు మార్చి లారీకి ఇంకా దగ్గరగా జరిగాను.

తర్వాత దీపం మెల్లగా నడిచింది, నేనూ మెల్లగా నడిచాను. వేగం పెంచింది, పెంచాను. ఎడమకి తిరిగింది, తిరిగాను. కింద కుదుపులు మొదలయ్యాయి. చెరుకు రసం కాగుతున్న తియ్యటి వాసన ముక్కుకి తగిలింది.

"యే రాస్తా నహీ హై, నాన్నా" అంది.

"షార్ట్‌కట్" అన్నాను.

దీపం ఆగింది. నేను ఆగేలోపు ముందు చక్రం మెత్తటి దాంట్లో దిగబడి, ఇద్దరం బండితో సహా పక్కకి ఒరిగిపోయాం. గుడ్డెద్దు చేలో పడ్డట్టు వెళ్ళి వెళ్ళి ఒక బెల్లం గానుగ ఆవరణలో చెరుకుపిప్పి కుప్ప మీద పడ్డాం. పొయ్యి వెలుగూ రెండు బల్బులూ ఉండటంతో అక్కడ మనుషులు కనిపించారు. మఫ్లరు చుట్టుకున్న పెద్దాయన ఒకడు లారీ దిగి, ఇనుప రాడ్డు పట్టుకుని నా మీదికి వస్తున్నాడు. పొయ్యి దగ్గర పనివాళ్ళు చెరుకు గడలు తీసుకుని ఆయన వెనక నిలబడ్డారు.

"కౌన్ హో? నహర్ సే పీఛే లగే హో!"

కాలువ దగ్గర్నుంచీ తన వెంట పడుతున్నామట. తగ్గిస్తే తగ్గించామట, పెంచితే పెంచామట. బైకుల మీద వచ్చి లారీల్ని దోచుకునేవాళ్ళమనుకుని, జనం ఉంటారని, తను రోజూ బెల్లం ఎత్తే గానుగకే వేగంగా తిప్పేశాడట. ఇంతలో మా అమ్మాయి లేచి హెల్మెట్ తీసింది. ఆడపిల్లని చూసి ఆయన రాడ్డు దించాడు. ఆ చలిలో మఫ్లరు విప్పి మొహం తుడుచుకున్నాడు. మా నాన్న వయసు మనిషిని అంత దూరం ప్రాణభయంతో పరిగెత్తించింది నేనా అనిపించింది.

మరి వెనక ఎందుకు పడ్డావని అడిగాడు. దారి తప్పామనొచ్చు, ఫోన్ చచ్చిపోయిందనొచ్చు. నోటి దగ్గర అబద్ధాలు బస్సు కోసం నిలబడ్డట్టు వరసలో ఉన్నాయి. ఆయన మొహం చూస్తూ ఒక్కటీ బయటికి తేలేకపోయాను.

"రాత్ కో ముఝే దిఖ్తా నహీ" అన్నాను. "ఆప్‌కీ లైట్ దేఖ్ కే చలా రహా థా."

"రతౌంధీ?" అన్నాడాయన. రేచీకటికి వాళ్ళ మాట అది. తల ఊపాను. పనివాళ్ళలో ఒకడు కిసుక్కున నవ్వాడు, ఇంకొకడు వాణ్ణి కసిరాడు. సిగ్గుతో చచ్చిపోయాను. అందరూ నవ్వేసి ఉంటే కాస్త తేలికయ్యేదేమో. మా అమ్మాయి నవ్వలేదు, నా మొహం వైపు చూడలేదు కూడా.

బెల్లం ఎత్తుకుని ఘాజియాబాద్ మండీకే పోతున్నా, మీ బండి పైన వేసుకుని మీరిద్దరూ నా పక్కన కూర్చోండి అన్నాడు పెద్దాయన. అప్పటిదాకా మంచం మీద కూర్చోమన్నారు. మంచం బల్బు వెలుగుకి అవతల ఉంది. నాలుగడుగులు వేసి నిలబడిపోయాను. పిల్ల వచ్చి నా మోచేయి కింద చెయ్యి వేసింది.

"ఇక్కడ గుంత ఉంది, నాన్నా" అంది. తెలుగులో అంది.

వేడి బెల్లం కాగితంలో పెట్టి ఇచ్చారు. నా ముక్క కూడా పిల్లకే ఇచ్చాను. తను మెల్లగా తింటోంది. అప్పుడు ఫోన్ మోగింది. వాళ్ళమ్మ. నేను తీసేలోపే పిల్ల ఎత్తింది.

"హాఁ మమ్మీ, పంక్చర్ హో గయా థా. ఏక్ అంకుల్ లిఫ్ట్ దే రహే హై. నాన్నా ఠీక్ హై. తుమ్ ఖానా ఖా లో."

గొంతులో తడబాటు లేదు. నేనేమీ అడగలేదు, కనుసైగ కూడా చెయ్యలేదు. నా తరఫున నా కూతురు అంత చక్కగా, అంత మామూలుగా అబద్ధం ఆడేసి, ఇంకో ముక్క బెల్లం నోట్లో వేసుకుంది. ఎక్కడ నేర్చుకుందని ఎవర్ని అడగను? ఆ రాత్రి నా మీద నాకు అంత అసహ్యం ట్రాలీ రాసుకున్నప్పుడు కూడా కలగలేదు.

ఫోన్ తీసుకున్నాను.

"పంక్చర్ కాదు" అన్నాను. "నాకు చీకట్లో కనిపించదు. చిన్నప్పట్నుంచీ అంతే. నీకు చెప్పలేదు. లారీ దీపం చూసుకుంటూ నడిపాను, లారీతో పాటు ఎక్కడికో వచ్చేశాను."

అవతల వంటింట్లో కుక్కర్ కూత వినిపించింది. తిడుతుందనుకున్నాను. ఇన్నేళ్ళు ఎందుకు దాచారని అడుగుతుందనుకున్నాను, దానికి జవాబు కూడా వెతుక్కుంటున్నాను.

"అంత దూరం," అంది మెల్లగా, "పిల్ల మీ వెనకే కూర్చుందా?"

"కూర్చుంది" అన్నాను.