బయటికి వినపడని హెడ్‌ఫోన్లు

పాట వినడమంటే ఆ కాలంలో ఇంటిల్లిపాదీ కలిసి చేసే పని. ఇంటికొక రేడియో, దాని చెవి మెలిపెట్టే హక్కు ఒక్కరికే. మా ఇంట్లో ఆ ఒక్కరు మా బాపు, అంటే నాన్న. ఎనభైల నడుమ, వరంగల్‌లో ఒక ధాన్యం వ్యాపారి ఆఫీసులో టైపిస్టుగా కుదిరిన కొత్తలో, నాకంటూ ఉన్నవి ఒక ట్రంకుపెట్టె, ఒక గొడుగు, పైకి చెప్పుకోలేనంత సినిమా పాటల పిచ్చి. బాపు మా చర్చిలో సంఘపెద్ద. అందుకని మా రేడియోలో భక్తిగీతాలు, వార్తలు, రైతుల కార్యక్రమం తప్ప ఇంకేదీ మోగడానికి వీల్లేదు. (మాకు సెంటు భూమి లేదు. అయినా వరికి పురుగు పడితే ఏం చేయాలో నాకిప్పటికీ కంఠతా వచ్చు.)

ఆఫీసులో నా పక్క సీటు టైపిస్టుకు వాళ్ళన్న గల్ఫ్ నుంచి కొత్త వాక్‌మన్ తెచ్చాడు. పాతది నాకు చవగ్గా ఇచ్చేసింది, హెడ్‌ఫోన్లు లేకుండా. వాటిని వాళ్ళ కుక్కపిల్ల నమిలేసిందట. పాట చేతికొచ్చింది గానీ చెవిదాకా వచ్చే దారి లేదు. జీతంలో ఇంట్లో ఇచ్చాక మిగిలిన కాస్త పట్టుకుని, ఒక నిపుణుణ్ణి తోడు తీసుకుని బయలుదేరాను. నిపుణుడంటే మా పెదనాన్న కొడుకు. సువార్త కూటాలకు లౌడ్‌స్పీకర్లు కడతాడని ఊరంతా 'మైకుసెట్టన్న' అనేవారు. ఆయన మైకు పట్టుకుని 'హలో, చెక్' అన్నంత గంభీరంగా ప్రసంగీకులు కూడా మాట్లాడేవారు కాదు. రిక్షా ఎక్కింది మొదలు నాకు పాఠం.

"చూడు చెల్లే, హెడ్‌ఫోన్ల అసలు సంగతి బేస్. బేస్ లేకుంటే చెవికి డబ్బా కట్టుకున్నట్టే."

"బేస్ గీస్ నాకద్దన్నా. బయటికి ఇనరావద్దు. బాపు పక్క అర్రల ఉన్నా తెల్వద్దు, గంతే."

"గదాన్ని సీక్రెసీ అంటరు," అన్నాడు అన్న, అప్పటికప్పుడు ఆలోచించి. "దానికి జర రేటెక్కువ."

చౌరస్తా దగ్గరి దుకాణంలో మూడు రకాలు చూపించారు. చెవిలో దూర్చుకునే గుండీల్లాంటివి, నారింజ రంగు స్పాంజి తొడిగినవి, చెవుల్ని మొత్తం కప్పేసే పెద్ద నల్లవి. గుండీలు నా చెవుల్లో నిలవలేదు. స్పాంజివి పెట్టుకుంటే నాకంటే దుకాణదారుకే పాట బాగా వినపడింది. ఇక నల్లవి. "అసల్ జపాన్ మాల్, ఫికర్ చెయ్యకు చెల్లె," అన్నాడు దుకాణదారు. డబ్బా మీద జపాన్ అన్న మాటలోనే ఒక అక్షరం తక్కువైంది. అన్న వాటిని తగిలించుకుని, కళ్ళు మూసి, తల మెల్లగా ఊపి, చాలాసేపటికి తీర్పు చెప్పాడు.

"బేస్ మంచిగున్నది గని, ట్రెబుల్ జర తక్కువైంది."

"అన్నా, క్యాసెట్ ఇంక పెట్టలే," అన్నాడు దుకాణదారు.

అన్న తొణకలేదు. "ఖాళీగ ఎట్లుంటదో ముందుగాల చూడాలె. పద్ధతి గది," అన్నాడు.

తర్వాత నా వంతు. ఈసారి క్యాసెట్ పెట్టారు. "ఇనొస్తాందా అన్నా?" అని, నా లెక్కలో మెల్లగానే, అడిగాను. అన్న నా చెవి దగ్గర చెవి పెట్టి, ఏమీ లేదన్నట్టు చేయి తిప్పాడు. రోడ్డు మీద ఇద్దరు రిక్షావాళ్ళు మాత్రం మా వైపు తిరిగి ఏదో అని నవ్వారు. తీసేశాక, "ఏమంటాండ్లన్నా?" అని అడిగాను. "'ఇనొస్తాందమ్మా' అంటాండ్లు. పనిలేనోళ్ళు," అన్నాడు అన్న. ఇద్దరం తెలివైనవాళ్ళం కాబట్టి మాకు అందులో ఏమీ తట్టలేదు. కొత్త చెప్పుల ఆశ వదులుకుని నల్లవే కొన్నాను.

ఆ ఆదివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం. ముందు గదిలో పాస్టరయ్యగారు, సంఘపెద్దలు, వాళ్ళ భార్యలు, మా కోయిర్ నడిపే మా మేనత్త. నేను తలనొప్పని వెనక గదిలో ముసుగుతన్ని, నల్లవి తగిలించుకుని, ఒక డ్యూయెట్ పెట్టుకున్నాను. గోడకవతలే బాపు ఉన్నాడు, ఆయనకేమీ తెలియదు. ఎంత మంచి సరుకు కొన్నానని మురిసిపోయాను. కళ్ళు మూసుకున్నాను. పెదవులు మాత్రమే కదుపుతున్నాననుకున్నాను.

కాసేపటికి అమ్మ వచ్చి దుప్పటి లాగి, నల్లవి పీకేసింది. ముందు గదిలో ప్రార్థన ఆగిపోయి ఉంది.

"ఏం జేత్తానవే?"

"పండుకున్ననే."

"పండుకొని మొగోని పాట గూడ నువ్వే పాడుతానవా?"

హీరోయిన్ పాట, హీరో పాట, మధ్యలో వయొలిన్లు, అన్నీ నేనే పాడానట, అదీ గొంతెత్తి. అయ్యగారు చర్చి ప్రహరీగోడ కోసం ప్రార్థిస్తున్నారట. గోడ సగంలో ఉండగా నేను పల్లవి ఎత్తుకున్నాను. అందరూ ఆమెన్ అనాల్సిన చోట నా 'లాలలా' పడిందట. హెడ్‌ఫోన్లను ఏమీ అనడానికి లేదు. వాటిలోంచి ఒక్క అక్షరం బయటికి రాలేదు. వచ్చిందంతా నాలోంచే.

ముందు గదిలో విచారణ జరిగింది. "అయ్యగారి ముంగట ఇజ్జత్ తీసినవ్ గదే!" అన్నాడు బాపు. (అయ్యగారు లేనప్పుడు పాడి ఉంటే ఇజ్జత్ భద్రంగానే ఉండేదన్నమాట.) అత్త బాధ వేరే. "గొంతు బొంగురని ఏడాది సంది కోయిర్ ఎగ్గొడుతానవ్. గిది బొంగురు గొంతానే?" అయ్యగారు మాత్రం శాంతంగా శిక్ష వేశారు. "వచ్చే ఐతారం నుంచి ముందు వరుసల నిలబెట్టుండ్రి. బేస్ పాడెటోళ్ళు తక్కువున్నరు, ఈమె రెండూ పాడుతది."

అందరూ వెళ్తుండగా ఒక సంఘపెద్ద భార్య గేటు దగ్గర నన్ను పక్కకు పిలిచింది. సినిమా హాలు సైతాను ఇల్లని సండే స్కూల్లో మాకు నేర్పింది ఆవిడే. ఇంకో శిక్ష ఖాయమనుకున్నాను. ఆవిడ నెత్తిమీది కొంగు సర్దుకుని, అటూ ఇటూ చూసి, నా చెవిలో అంది: "రెండో చరణం తప్పు పాడినవ్ బిడ్డా. ముందటి లైను ఎనుకకు, ఎనుకటి లైను ముందటికి పాడినవ్. మల్ల పాడితే మంచిగ పాడు." బైబిల్ చంకన పెట్టుకుని తల వంచుకుని వెళ్ళిపోయింది.

నల్ల హెడ్‌ఫోన్లను బాపు మైకుసెట్టన్నకు ఇచ్చేశాడు. ఆ తర్వాత ప్రతి కూటంలోనూ అవి అన్న మెడలో ఠీవిగా వేలాడుతుండేవి. తీగ చివర దేనికీ తగిలించి ఉండేది కాదు.

ఇప్పుడు తీగలు కూడా లేని ఇయర్‌బడ్స్ పెట్టుకుని పొద్దున్నే నడకకు వెళ్తాను. ఏ పాటైనా నా ఇష్టమే, అడ్డు చెప్పే బాపు లేడు. అయినా నోరు మెదపను. ఎదురొచ్చేవాళ్ళు ఏమనుకుంటారోనని, పెద్దమనిషిని కదా, పెదవులు బిగించుకుని నడుస్తాను. అప్పటి ఆ టైపిస్టు పిల్ల అలా అనుకోలేదు. తనకు వినపడకపోతే లోకానికీ వినపడదని నమ్మి, మనసారా పాడేసుకుంది. తలుచుకుంటే నవ్వొస్తుంది. కాస్త ఈర్ష్య కూడా.