జువేరియా తవ్విన గుంత

ఆర్కిటెక్చర్ అంటే మేడలు గీయిస్తారనుకుని చేరాను. మొదటి ఏడాదంతా అట్టముక్కలే కోయించారు. పలక నిలబెట్టు, కడ్డీ ఆనించు, మధ్యలో మిగిలిన ఖాళీ ఏమంటోందో చెప్పు! ఖాళీ ఏమంటుంది, నా మొహం! పులివెందుల పక్క సింహాద్రిపురంలో గొర్రెల మధ్య పెరిగినదాన్ని. మా నాయన వెంకటప్ప మంద చుట్టూ ముళ్ళకంప వేస్తే దొడ్డి అయిపోయేది. దాన్ని ఎవరూ స్పేస్ అనలేదు.

ప్రొద్దుటూరు దాటాక ఉన్న మా కాలేజీలో ఈ ఖాళీ సంగతి నిజంగా పట్టించుకున్నది ఒక్క జువేరియానే. జమ్మలమడుగు పిల్ల. మాట తక్కువ, మొండితనం ఎక్కువ.

ఆ వారం ఇచ్చిన పని ఇది. తెల్ల అట్టతో, ఒక మనిషి కూర్చుని పనిచేసుకునే చోటు చెయ్యాలి. గోడలు కట్టకూడదు. అయినా ఇది అతని చోటని చూడగానే తెలియాలి. మేమంతా అరుగులు, గొడుగులు, స్తంభాలు అంటించాం. జువేరియా మాత్రం అడుగున ఉండే మందపాటి అట్టనే చదరంగా కోసి, గుంత చేసి, అట్టమనిషిని అందులో కూర్చోబెట్టింది. నడుము పైభాగమే బయటికి కనిపిస్తోంది.

మా డిజైన్ సారు కోస్తా ఆయన. చూసి నవ్వారు. "అడుగు అంటే నేలమ్మా. నేలని ముట్టుకోకూడదు. రూపం పైకి లేవాలి. నువ్వేమో మనిషిని పూడ్చిపెట్టావు."

క్లాసంతా గొల్లున నవ్వింది.

"పూడ్చలేదు సార్. పని చేస్తాండాడు," అంది జువేరియా.

"సోమవారం జ్యూరీకి ఆ కన్నం మీద అట్ట అంటించి తీసుకురా, పాసు చేస్తాను. లేదంటే సున్నా."

జ్యూరీ అంటే మాకు మార్కులు పడే రోజు. డిజైన్ పోతే ఏడాది పోయినట్టే. ఒక్క ఏడాది పోయినా చదువు మాన్పిస్తానని వాళ్ళ నాన్న గఫూర్ మామ చేరేటప్పుడే తెగేసి చెప్పాడు.

అందుకే ఆదివారం ఒక తెల్ల అట్ట కొని, బతిమాలుదామని నేనే జమ్మలమడుగు బస్సెక్కాను. వాళ్ళింట్లో అడుగు పెట్టగానే సంగతి తెలిసిపోయింది. ముందు గదిలో గుంత మగ్గం. వాళ్ళమ్మ దిల్షాద్‌బీ నేల మీద కూర్చుని, గుంతలోకి కాళ్ళు దించి నేస్తోంది. కింద కాళ్ళు చెక్కలు తొక్కుతున్నాయి, పైన చేతులు దారపు నాడెను అటూ ఇటూ ఆడిస్తున్నాయి. ఇంట్లోవాళ్ళు, పక్కింటివాళ్ళు, కోళ్ళు అందరూ ఆ గదిలోంచే తిరుగుతున్నారు. ఒక్కరూ ఆ గుంత దరిదాపులకు పోరు. గోడ లేదు, గీత లేదు, అయినా అది ఆమె చోటు. సారు మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

కోపం కోపమే, ఏడాది ఏడాదే. తెచ్చిన అట్ట బయటికి తీసి, గుంత మూసెయ్యమని జువేరియాను బతిమాలాను.

"భువనేశ్వరి చెప్పినట్ట మూసెయ్ బిడ్డా," అంది దిల్షాద్‌బీ నన్ను చూపించి, నాకూ అర్థం కావాలని తెలుగులోనే. "నేను గుంతలో కూర్చున్యానని నీ బొమ్మ కూడా కూర్చోవాల్నా? మంచిగా కుర్చీ పెట్టు."

జువేరియా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అట్ట తీసుకుంది. లొంగిందనే అనుకున్నాను.

సోమవారం జ్యూరీకి బయటి నుంచి వచ్చిన ఇద్దరితో సారు ఆమె బల్ల దగ్గరికి వచ్చారు. గుంత అలాగే ఉంది. నేనిచ్చిన అట్టను కోసి కింద ఇంకో వరస పేర్చి, లోతు పెంచి, తొక్కే చెక్కలు కూడా పెట్టింది!

"మూసి తెమ్మన్నాను కదా?" అన్నారు సారు.

"మూస్తే మా అమ్మ కాళ్ళు యాడ పెట్టుకోవాల సార్?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. బయటివాళ్ళు పక్క బల్లకు జరిగారు. సారు సున్నా వేశారు.

ఆ కబురు ఇంట్లో చెప్పడానికి ఆమెను ఒక్కదాన్నే పంపబుద్ధి కాక నేనూ వెళ్ళాను. గఫూర్ మామ అన్న మాట మీదే నిలబడ్డాడు. "ఇంక సాలు. ఇంట్లోనే ఉండు."

దిల్షాద్‌బీ నేత ఆపింది. "సారుతో ఏమన్యావు?" అని కూతుర్ని అడిగింది. జువేరియా చెప్పింది. దిల్షాద్‌బీ గుంతలోంచి కాళ్ళు బయటికి తీసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"అది మళ్ళా పోతాది. మళ్ళా ఆ గుంతే చేస్తాది. వద్దంటావా, రేపట్నుంచి ఈ మగ్గం గుంతలోకి నువ్వు దిగు."

గఫూర్ మామ దిగలేదు. జువేరియా ఈ ఏడు మళ్ళీ మొదటి సంవత్సరంలో కూర్చుంది.