చేపలకి ఇల్లు చూసిన సాంబమూర్తి గారు

మొన్న విజయనగరంలో పంటి డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్నప్పుడు, మందుల వాసన మధ్యలోంచి ఉప్పునీళ్ళ వాసన వచ్చి ముక్కుకి తగిలింది. తల తిప్పితే గోడవార పెద్ద ఎక్వేరియం. అందులో నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న క్లౌన్ చేపలు రెండు, వాటి కింద నిమ్మపండు పసుపులో మెరిసిపోతున్న అనిమోన్ ఒకటి. అనిమోన్ అంటే తెలియనివాళ్ళకి చెప్తాను: కాలితో రాయిని పట్టుకుని, వేళ్ళలాంటి పోగుల్ని నీళ్ళలో ఆడించే సముద్రజీవి. దగ్గరికొచ్చినవాటిని కుడుతుంది, దొరికితే తింటుంది. క్లౌన్ చేపలకి మాత్రం దాని పోగుల మధ్యే కాపురం. "బాగుంది కదండీ, చాలా అరుదైన రంగంట," అంది కౌంటరు దగ్గరమ్మాయి. "అని ఎవరన్నారు? అమ్మినవాడేనా?" అన్నాను. ఆ అమ్మాయి మళ్ళీ నాతో మాట్లాడలేదు. నోరు నాకు పుట్టుకతోనే వచ్చింది. ఆ పసుపుని చూడగానే ముడిపడిన కనుబొమలు మాత్రం రాజాంలో బట్టల వ్యాపారం చేసిన సాంబమూర్తి గారి దగ్గర అబ్బినవి.

జువాలజీలో డిగ్రీ చేసి ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకుంటూ, హెడ్మాస్టరుతో తగువు పెట్టుకుని బయటికొచ్చిన రోజులవి. నాకు పని ఇవ్వడానికి ఊళ్ళో ఎవరికీ ధైర్యం లేదు. అలాంటిది సాంబమూర్తి గారు తనంతట తానే కబురు పెడితే నాకు సంతోషం కాదు, అనుమానం వచ్చింది. వెళ్ళాను. ఆయన బల్ల మీద రెండు చీరలు పరిచి, "వీట్లో ఏది రంగు పోతాదో సెప్పమ్మా," అన్నారు.

"చూసి ఎలా చెప్తారండీ ఎవరైనా? నీళ్ళివ్వండి."

ఆయన నవ్వలేదు, మెచ్చుకోనూ లేదు. "రేపట్నించి వచ్చీ," అన్నారు.

ఆయన అనుమానించని మనిషిని నేను చూడలేదు. ఏ మిల్లు ఏజెంటు వచ్చినా జేబురుమాలు తడిపి, చీర అంచు మీద గట్టిగా రుద్ది, రుమాలుని వెలుతురులో పట్టుకుని చూసేవారు. ఏజెంటు ముఖం మాడ్చుకుంటే, "నిన్నేటీ అనలేదు బాబూ. నాను గుడ్డనడుగుతన్నాను. నువ్వు టీ తాగు," అనేవారు. రుమాలుకి రంగు దిగితే సరుకు వెనక్కి పోయేది, ఏజెంటు మాత్రం పై నెల మళ్ళీ వచ్చేవాడు. అదే నేనైతే రంగుతో పాటు ఆ ఏజెంటు ఏడు తరాలనూ కడిగి ఆరేసేదాన్ని. ఆయన మెత్తదనం కూడా వ్యాపారపు ఎత్తేనని నా నమ్మకం. అంత నెమ్మదైన మనిషి లోపల ఏదో ఒకటి దాచుకునే ఉంటాడనుకునేదాన్ని.

ఆయన భార్య రత్నమ్మ గారికి పక్షవాతం వచ్చి మంచానపడ్డాక, ఆవిడ కళ్ళెదురుగా ఉంటుందని మేనల్లుడు ఒక ఉప్పునీళ్ళ ఎక్వేరియం తెచ్చి పెట్టాడు. అందులో క్లౌన్ చేపల జంటే ఆవిడ లోకం. కొన్నాళ్ళకి ఆ జంటలో పెద్దదైన ఆడచేప పంపు జాలీకి ఒళ్ళు రాసుకోవడం మొదలుపెట్టింది. దూరడానికి చోటు వెతుక్కుంటూ, దొరికినదాన్నే ఇల్లనుకుంది. ఒక పక్కంతా గీరుకుపోయింది. ఆవిడకి అన్నం సయించడం మానేసింది. "దానికో ఇల్లు సూడండి. సచ్చిపోతాది. నాను రోజూ ఇక్కడ పడుకుని దాని సావు సూడాలేటి?" అన్నారు.

మర్నాడు సాంబమూర్తి గారు, "లచ్చిమీ, నువ్వు ఆ సదువే సదివేవు గదా, నడు," అని నన్ను బండెక్కించుకుని శృంగవరపుకోట బయల్దేరారు. అక్కడ ఒకతను షెడ్డులో సముద్రపు చేపలు అమ్మేవాడు. దారి పొడుగునా నా అనుమానం నాది. తప్పుడుది తెస్తే అది చేపల్నే తినేయొచ్చు, చచ్చి కుళ్ళితే తొట్టెలో ఏ ప్రాణీ మిగలదు. అప్పుడు భార్య ముందు నిలబెట్టడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేనే. కింది వాళ్ళ మీదకి తోసేసి చేతులు దులుపుకునే యజమానుల్ని అప్పటికే చూసి ఉన్నాను.

షెడ్డులో నీలం లైట్ల కింద మూడు అనిమోన్లు ధగధగలాడుతున్నాయి. సాంబమూర్తి గారు ముందు లైట్ల వైపు చూశారు. "ఆ నీలం లైటు కట్టీ బాబూ. మా కొట్లో సీర నచ్చితే వీధిలోకి తీసుకెళ్ళి ఎండలో సూపిస్తాం," అన్నారు. మామూలు వెలుతురులో ఒకటి గోడకి కొట్టిన రంగులా కాలిదాకా ఒకటే పసుపు. ఇంకొకటి తెల్లగా గాజులా ఉండి, కొసల్లో గులాబి. మూడోది మట్టిరంగు.

ఆయన రుమాలు తీసి పసుపుదాని మీదకి వంగారు. నేను చెయ్యి పట్టుకుని లాగేశాను. "ఏటండీ, అది చీరా? ప్రాణమున్నది!"

"మరి దీన్ని ఎలగడగాలి?"

"కాలు రాయిని పట్టుకుందో లేదో చూడాలి. నోరు మూసుకుందో, వేలాడేసిందో చూడాలి. ఆ మట్టిరంగుదే ఆరోగ్యంగా ఉంది. దాని ఒంట్లో ఉండే నాచు దానికి తిండి పెడుతుంది, ఆ రంగు నాచుది. తెల్లదానికి ఆ నాచు పోయింది, ఆకలితో ఉంది. పసుపుది అలాంటి తెల్లదానికే రంగు వేసినట్టుంది."

ఆయన తల అడ్డంగా ఊపారు. "కాదమ్మా. ఆ మట్టిది ఎలిసిపోయిన సరుకు. షోకేసులో ఎండకి ఎలిసి, ఎవరూ కొనక మిగిలిపోయినాది. ఇలాటివి నాను ఎన్ని సూడలేదు? ఇంతకీ నువ్వు సెప్పింది సూసేవా, సదివేవా?"

"చదివాను."

"ఐతే ఇంకా సూడలేదన్నమాట."

నాకు ఒళ్ళు మండింది. అంతలో అమ్మే అతను, "మేడం కరెక్టుగా సెప్పేరు సార్, ఆ బ్రౌనే పట్టుకెల్లండి," అన్నాడు. అంతే, నేను ఎంచినదాని మీద నాకే అనుమానం పుట్టింది. అమ్మేవాడు ఒప్పుకున్నాడంటే ఏదో ఉన్నట్టే కదా.

ఏదీ కొనకుండా వచ్చేశాం. మా వైపు పిల్లనిచ్చే ముందు అబ్బాయి ఇంటికి ఒకసారి చెప్పి వెళ్తారు, ఒకసారి చెప్పకుండా వెళ్తారు. చెప్పి వెళ్తే ముగ్గులూ కొత్త దుప్పట్లూ కనిపిస్తాయి. చెప్పకుండా వెళ్తే ఇల్లు కనిపిస్తుంది. సాంబమూర్తి గారు అదే చేశారు. కొన్ని రోజులాగి, చెప్పాపెట్టకుండా ఒక ఆదివారం పొద్దున్నే వెళ్ళాం. అమ్మే అతను లేడు, వాళ్ళమ్మ షెడ్డు తలుపు తీసింది. తెల్లది రాయి వదిలేసి, నోరు తెరుచుకుని, నీటి వాలుకి దొర్లుతోంది. పసుపుదాని కాలి దగ్గర రంగు విడిచి అడుగున తెలుపు బయటపడింది. మట్టిరంగుది ఉన్నచోటే ఉంది. ఆవిడ రొయ్య ముక్క వదిలితే పోగులన్నీ ముడుచుకుని గబుక్కున లోపలికి తీసుకుంది.

ఆయన వంగి, దాని కాలు రాయిని పట్టుకుందో లేదో చూశారు. "నా కంటికిది ఇప్పటికీ ఎలిసిన సరుకే. కానీ నాది సీరలు సూసిన కన్ను. ఇదే పట్టుకెల్దాం," అన్నారు.

రత్నమ్మ గారు దాన్ని చూసి, "ఇదా ఇల్లు? వాడిపోయిన వంకాయలాగున్నాది," అన్నారు. అది కూడా ఆవిడ మాట నిజం చెయ్యడానికే వచ్చినట్టు, పెట్టినచోట ఉండకుండా రాయి దిగి పంపు వైపు పాకింది. పంపు లాగేసుకుంటే ముక్కలైపోతుందని జాలీ చుట్టూ స్పాంజి కట్టాను. ఆడచేప ఆ స్పాంజికే ఒళ్ళు రాసుకుంటూ తిరిగింది తప్ప కొత్త ఇంటి గడప తొక్కలేదు. వారాలు గడిచాయి. ఒకరోజు నేను నీళ్ళు మారుస్తుండగా రత్నమ్మ గారు ఆపుకోలేకపోయారు. "ఎవరెంచేరు దీన్ని? కళ్ళున్నోళ్ళు ఎంచేరా? నా సేప సచ్చిపోతే ఎవరిస్తారు?"

నేను బకెట్టు కింద పెట్టి ఎదురుచూశాను. ఇన్నాళ్ళూ నేననుకున్నది ఇక జరగబోతోంది. నోట్లో జవాబు కూడా సిద్ధంగా ఉంది.

"నానే ఎంచేను, రత్నం," అన్నారు సాంబమూర్తి గారు. "ఈవిడ వొద్దన్నా నానే పట్టుకొచ్చేను."

నేను వద్దనలేదు. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. బకెట్టు అందుకుని మిగతా నీళ్ళు పోశాను. ఇదేం ఎత్తో అర్థంకాక ఆ రోజంతా సతమతమయ్యాను.

తర్వాత ఒక పొద్దున్న కొట్టు తెరవకముందే ఇంటికి రమ్మని కబురొచ్చింది. చేపలు చచ్చాయనుకునే వెళ్ళాను. ఆడచేప ఆ మట్టిరంగు పోగుల్లో మొప్పలదాకా కూరుకుపోయి, అటూ ఇటూ దొర్లుతోంది. మగచేప వాకిట్లో నిలబడ్డ అల్లుడిలా పక్కనే తచ్చాడుతోంది. రత్నమ్మ గారు కదిలే చేత్తో మొగుడి చొక్కా పట్టుకుని, "మంచిది ఎంచేరండీ," అన్నారు.

"నానేటి ఎంచేను? లచ్చిమి ఎంచింది. నాను ఎలిసిన సరుకన్నాను," అన్నారాయన.

బయటికొచ్చాక నిలదీశాను. "ఆ రోజు మీరెంచారన్నారు. ఈ రోజు నేనెంచానంటున్నారు. ఏటండీ మీ ఉద్దేశం?"

చెప్పులేసుకుంటూ ఆయన, "దేనికదే నిజం కాదేటి? నడు, కొట్టుకి టైమైపోతన్నాది," అన్నారు. నేను అడిగినదానికి ఆయన ఇచ్చిన జవాబు అంతే.

ఇప్పుడు ఆయనా లేరు, రత్నమ్మ గారూ లేరు. కొట్టు మేనల్లుడిది, చీరల విభాగం నాది. పోయిన శ్రావణంలో ఒకావిడ రంగు దిగిన చీర తెచ్చి కౌంటరు మీద విసిరికొట్టి, ఏ గుడ్డిది ఎంచింది ఈ సరుకుని అని అరిచింది. ఎంచింది గౌరి, కొత్తగా చేరిన ఇద్దరు పిల్లల తల్లి. మడతపెడుతున్న చీర చేతిలో అలాగే పట్టుకుని బిగుసుకుపోయి నిలబడింది.

"నేనేనండీ," అన్నాను.

ఆవిడ వెళ్ళాక గౌరి దగ్గరికొచ్చి, "మేడం, ఇప్పుడు నన్నేటి సేద్దారని?" అంది. ఆ అమ్మాయి కళ్ళలో కృతజ్ఞత లేదు, అనుమానమే ఉంది. మిగతా చీరలు మడతపెట్టమన్నాను. ఆ రోజంతా నా వెనకాలే ఆ చూపు తిరుగుతూనే ఉంది. ఎంత నోరున్నా, దానికి మాత్రం నేను ఏ సంజాయిషీ చెప్పలేదు.