బెరిల్ వైపు తిరిగిన గేర్ నాబ్

నెవిల్ ట్రాస్క్ ఎడమ మోకాలు మార్పించుకున్నాక, ఇక క్లచ్ తొక్కొద్దన్నాడు డాక్టరు. కూతురు లెనెట్ ఆ మాట పట్టుకుని, వారం తిరక్కుండా పాత వ్యాను అమ్మేసి ఒక సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు తెచ్చి ఇంటిముందు పెట్టింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి, హ్యూయన్ లోయలో జీవితమంతా ఆపిల్ పెట్టెలు మోసిన లారీ డ్రైవరు. అలాంటివాడు మొదటిరోజే ఫ్రాంక్లిన్ ఊళ్ళో రొట్టెల కొట్టు మలుపులో, లేని క్లచ్ కోసం ఎడమకాలు విసిరాడు. దొరికింది బ్రేకు. కూతురి నుదురు అద్దానికి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"నాన్నా, ఆ కాలు సీటు కింద పెట్టుకో. దానికిక పనిలేదు," అంది లెనెట్.

"కాలికి లేదు సరే. మరి చేతికి?" అన్నాడు నెవిల్.

అసలు బాధ అదీ. వ్యాను పోతే పోయింది, దాని గేర్ నాబ్‌ని మాత్రం అమ్మకముందే విప్పి జేబులో వేసుకున్నాడు. గేరు కడ్డీ తలమీద బిగించే, నిమ్మపండంత పసుపుపచ్చ చెక్క గుండు అది. 1971లో, పెళ్ళయిన కొత్తలో, భార్య బెరిల్ తన తండ్రి పడవల షెడ్డులో మిగిలిన హ్యూయన్ పైన్ చెక్క ముక్కను లేత్ మీద తనే నున్నగా తిప్పి చేసిచ్చింది. బండి మారినప్పుడల్లా అడుగున ఉన్న ఇత్తడి మర మారింది గానీ గుండు మారలేదు. ఐదు బళ్ళెక్కింది. బెరిల్ పోయి నాలుగేళ్ళయింది.

ఆ గుండు మీద ఒక తప్పుంది. కాల్చిన మేకుతో దానిమీద గేర్ల పటం గీసింది బెరిల్. ఒకటి, రెండు, మూడు, నాలుగు, రివర్సు. పాపం, లారీలో ఎప్పుడూ తను కూర్చునే ఎడమ సీట్లోనే కూర్చుని, అక్కణ్ణించి కనబడ్డట్టే గీసింది. దాంతో అంకెలన్నీ ఆవిడకేసి తిరిగాయి, నడిపేవాడికి అడ్డంగా పడుకున్నాయి.

"ఏరా నెవిల్, బండి నడిపేది నువ్వా, మీ ఆవిడా?" అని పెట్టెలెత్తేవాళ్ళు ఏడిపించేవారు. అతడు నవ్వి ఊరుకునేవాడు.

1978లో, సరిగ్గా కాపు దించే రోజుల్లో, పెట్టెల మీంచి జారి అతడి ఎడమ మణికట్టు విరిగింది. చెట్టు మీది కాయ ఎవరికోసమూ ఆగదు. ఆరు వారాలు బెరిల్ పక్కన కూర్చుంది. అతడు క్లచ్ తొక్కి "ఇప్పుడు" అనేవాడు, ఆవిడ పటం చూసుకుని గేరు మార్చేది. హోబార్ట్ పట్నం దారిలో ఎత్తు ఎక్కుతూ ఒక్కసారి తప్పిందంతే. ఆ పూట ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. అవీ రోజులంటే.

మంగళవారం గుండు పట్టుకుని ఊరి షెడ్డుకు వెళ్ళాడు. రిటైరైన మగాళ్ళంతా టీలు తాగుతూ రంపాలు పట్టుకునే చోటది. ఎవరి పని వాళ్ళే చేసుకోవాలి, సలహా మాత్రం అందరూ ఇస్తారు. మెకానిక్కుగా పనిచేసిన క్లెమ్ కారు చూసి తల గోక్కున్నాడు. ఆటోమేటిక్ నాబ్‌కి పక్కన ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితేనే గేరు పార్కులోంచి కదులుతుంది. చెక్క గుండుకు బటన్ ఎక్కణ్ణించి వస్తుంది?

"నడినెత్తిన చిల్లు పెట్టి బటన్ పైకి తెద్దాం. పది నిమిషాల పని," అన్నాడు క్లెమ్. "లేదంటే దీన్ని ఇంట్లో అలమారలో పెట్టుకో."

నెవిల్ గుండుకు గుడ్డ చుట్టి బిగించి, డ్రిల్లు పట్టుకున్నాడు. నాలుగు గేర్లూ కలిసే చోట మొన ఇలా ఆనిందో లేదో, పైన్ వాసన గుప్పుమంది. అన్నేళ్ళయినా అదే వాసన, గౌనంతా రంపపుపొట్టుతో బెరిల్ నవ్వుతూ చేతిలో పెట్టిన నాటిదే. డ్రిల్లు ఆపేశాడు.

"చేతులు రావట్లేదురా, క్లెమ్."

"ఆ మాట ముందే చెప్పి ఏడవొచ్చుగా," అని విసుక్కున్నాడు క్లెమ్. విసుక్కున్నా, గురువారానికి ఒక ఇత్తడి రింగు చేసుకొచ్చాడు. గుండు కింద కూర్చుంటుందది. రెండు వేళ్ళతో పైకి లాగితే లోపలి ఊచ లేచి తాళం వదులుతుంది. నెత్తి జోలికి పోనక్కర్లేదు.

డ్రైవర్ సీట్లో కూర్చుని గుండు బిగిస్తూ క్లెమ్ అడిగాడు. "ఈ బండిలో ఒకటీ రెండూ ఎలాగూ లేవు. అంకెలు నీవైపు తిప్పేయనా? ఇన్నాళ్ళకైనా తిన్నగా చదువుకుందువు."

"వద్దు. ఆవిడ వైపే ఉండనీ."

"అయితే అటుపక్క కూర్చుని, తిన్నగా వచ్చిందో లేదో నువ్వే చెప్పు. ఇటునుంచి నాకు తెలిసి చావదు."

నెవిల్ కారు చుట్టూ నడిచి, కొత్త మోకాలు మెల్లగా మడిచి, ఎడమ సీట్లో కూర్చున్నాడు. తన సొంత బండిలో ఆ సీట్లో ఎన్నడూ కూర్చోలేదు. క్లెమ్ గుండు కొద్దికొద్దిగా తిప్పుతున్నాడు. పడుకున్న అంకెలు ఒరిగాయి, లేచాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, రివర్సు, అన్నీ తిన్నగా నిలబడి అతడికేసి చూశాయి. నాలుగంకె తోక కొంచెం పైకి మెలితిరిగి ఉంది, కిరాణా చీటీల్లో ఆవిడ రాసినట్టే. అక్కణ్ణించి చూస్తే తప్పేమీ లేదు.

"ఇప్పుడా?" అన్నాడు క్లెమ్, బిగించబోతూ.

నెవిల్ ఆ నాలుగంకె తోకను వేలితో తడిమాడు.

"ఏరా, ఇప్పుడా?"

"ఇప్పుడు," అన్నాడు నెవిల్.