రాజీ లిస్టుల అందరికి ఒకటే నంబర్

రాజీ మంది ఫోన్ నంబర్లు అమ్ముకున్నదని, అందుకే చెల్లె ఆపతికి ఆమె రాసిన రక్తమిచ్చేటోళ్ల లిస్టు పనికి రాలేదని నర్మెట్ట కాడ అంటున్నరు. అట్ల కాదు. జర కూసోని ఇనుండ్రి.

రాజీది నర్మెట్ట పక్క తండా. జనగామల జిరాక్సు దుకాణంల కంప్యూటర్ పని చేస్తది. రక్తం కావాలంటే మనోళ్లు పరేషాన్ అయితున్నరని, నాలుగు తండాలోళ్ల గ్రూపులు ఒక్క కాడ రాద్దామనుకున్నది. ఆ తండాలల్ల పూల్‌సింగులే ఏడుగురు. పేరుతోని మనిషి దొరుకడు, ఫోన్ నంబర్‌తోనే దొరుకుతడు. అందుకే పేరు, గ్రూపు, నంబర్ పెట్టింది. తండా పేరు పెట్టలే. నంబర్ ఉండంగ అదెందుకనుకున్నది.

దుకాణపాయన మూలకేసిన పాత కంప్యూటర్ ఇచ్చిండు. అసొంటి దానికి లిస్టులు దాసిపెట్టే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ తయారుగ దొరుకదు. దాన్ని రాసిన సోర్స్ కోడ్ దింపుకొని, ఆ కంప్యూటర్‌కు తగ్గట్టు మనమే తయారు చేసుకోవాలె, దాన్నే కంపైల్ అంటరు. చేస్తుంటే ఎర్రర్ వచ్చి ఆగింది. పెద్ద అంకె పట్టాలంటే ఎనిమిది బైట్ల జాగ కావాలె, ఈడ నాలుగే ఉన్నయంటది. మూడు దినాలు తండ్లాడింది.

"ఏందక్కా, నీ పప్పు ఇంకా ఉడుకలేదా?" అని జిరాక్సు తీసే కల్యాణి నవ్వేది.

ఆఖరికి రాజీ, జాగ సరిపోతదా అని చూసి ఎర్రర్ ఇచ్చే లైన్‌నే కోడ్‌ల నుంచి తీసేసింది. కంపైల్ అయింది. ఒకటి, రెండు, మూడు అని కొట్టి చూస్తే మంచిగనే ఎక్కినయ్. నాలుగు తండాలోళ్లు కూడే తీజ్ పండుగ నాడు కంప్యూటర్‌ను ఆటోల ఏస్కపోయి, పందిరి కింద కూసోని నూటపది మందివి కొట్టింది. కాయితం మీద ఒక్కటి రాయలే.

ఘనపూర్‌ల ఇచ్చిన చెల్లె కమ్లీకి కాన్పయినంక నెత్తురు ఆగలే. కమ్లీ మొగడు అమర్‌సింగ్ దవాఖాన నుంచి ఫోన్ చేసిండు.

"వదినా, ఓ నెగెటివ్ ఉన్నోళ్లది ఒక్క నంబర్ చెప్పు."

లిస్టు తెరిచింది. నలుగురున్నరు. నలుగురికి ఒకటే నంబర్, 2147483647. కిందికి జరిపితే నూటపది మందికి అదే. నాలుగు బైట్లల్ల గంతకంటె పెద్ద అంకె పట్టదు. మన ఫోన్ నంబర్లన్ని దానికంటె పెద్దయే. పట్టనిదాన్నల్లా సాఫ్ట్‌వేర్ ఆడికే ఆపి రాసుకున్నది.

"పూల్‌సింగ్ ఉన్నడు, అమర్‌సింగ్."

"ఏ పూల్‌సింగ్, వదినా?"

తండా పేరు చూసి చెప్దామంటే, రాజీ అది పెట్టనే లేదాయె.

నెత్తురు వేరే దిక్కు నుంచి వచ్చింది. ఆలోపే కమ్లీ పోయింది. పసిబిడ్డ దక్కింది. దినాల నాడు అమర్‌సింగే దగ్గరికొచ్చి, "మిషను తప్పుకు నువ్వేం జేస్తవ్ వదినా" అన్నడు. తిట్టినా జర నిమ్మళం అయ్యేదేమో. తీసేసిన లైను సంగతి ఆమెకే ఎరుక.

తర్వాత వేరే కంప్యూటర్ల ఆ లైను ఉంచే కంపైల్ చేసింది. తండా తండా తిరిగి, తండా పేరుతోని సహా మళ్ల రాసుకున్నది. లిస్టు ఇప్పుడు మంచిగున్నది. రాజీయే మంచిగ లేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడి పక్కకు పెడతది.

జనగామ బస్సు దిగినోళ్లు జర ఆ జిరాక్సు దుకాణం దాక పోయి చూడుండ్రి. ఫోన్ చేయకుండ్రి, ఎత్తది. ముంగట నిలబడి, తిన్నవా బిడ్డా అని అడుగుండ్రి.