నేరేడు బెరడు వేసిన జాడీ

పదేళ్లు దాటింది, ఒక చిన్న చీటీ బరువు మోస్తున్నాను. మూఢనమ్మకాల మీద సభల్లో మాట్లాడి చప్పట్లు అందుకున్న ప్రతిసారీ అది ఇంకాస్త బరువెక్కింది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల చివరి సంగతి. జూబ్లీహిల్స్‌లో బండలు పేల్చి సినిమావాళ్లు ఇళ్లు కట్టుకుంటున్న రోజులు. షేక్‌పేట వైపు వాలులో యాదగిరి అనే రైతుకు చిన్న ద్రాక్షతోట ఉండేది. చుట్టుపక్కలవాళ్లంతా నీళ్లెక్కువ అడిగే తెల్ల ద్రాక్ష వేస్తే, ఆయన తన తండ్రి పెంచిన నల్ల పుల్ల ద్రాక్షనే నిలుపుకున్నాడు. పండు చిన్నది, తోలు మందం. బావి అడుగంటిన ఏడు కూడా కాసేది. దానితో వైన్ చేసేవాడు. వాసనకు సుగంధిపాల వేరు, చెడిపోకుండా నేరేడు బెరడు కషాయం. మందుపొడులు వాడడు. ఫిల్మ్‌నగర్‌లో ఒక నిర్మాత రుచి చూసి, లైసెన్సు తెప్పించి పెద్ద ఎత్తున చేయిస్తానన్నాడు. అది జరిగితే తోట నిలుస్తుంది. లేకపోతే ప్లాట్లవుతుంది.

ఆ మధ్యలోకి నేను వెళ్లాను. యాదగిరి బెరడు తీసేముందు చెట్టు మొదట్లో నీళ్లు పోసి దండం పెట్టేవాడు. తూర్పువైపు బెరడే తీసేవాడు. నాకది చాలు. దండం, తూర్పు, బెరడు అన్నీ ఒకే బూటకమని మా పత్రికలో రాశాను, పరీక్షకు రమ్మని సవాలు చేశాను. ఆయన వచ్చాడు. నేను "యాదగిరి గారూ" అంటే, "నా యెనక ఇంకెవరన్న నిలబడ్డరా సారూ" అని నవ్వాడు.

నియమాలన్నీ నావే. ఒకే తొట్టిలో తయారైన వైన్, రెండు జాడీలు, ఒకదానిలోనే బెరడు కషాయం. ఆ బెరడు నేనే తీశాను, పడమటివైపు నుంచి, దండం లేకుండా. జాడీల మూతికి గుడ్డతో వాసెన కట్టి, ముడి మీద లక్క వేసి, అంకెలు వేశాను. ఏది ఏదో చీటీ మీద రాసి కవరులో దాచాను. పక్షపాతం రాకూడదని ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. ఎండాకాలమంతా జాడీలు మధురానగర్‌లో మా ఇంట్లోనే ఉన్నాయి.

పరీక్షకు ముందురోజు వాసెన దగ్గర ముక్కు పెట్టాను. ఒకటో జాడీ వెనిగర్ అయిపోయింది. రెండోది కమ్మగా ఉంది. బెరడు వేసింది రెండోదే.

దండం అబద్ధమని తేలింది, బెరడు నిజమని తేలింది. అంటే నేను సగం గెలిచాను. సగం ఓడిపోయానని పదిమంది ముందు ఒప్పుకోవడం ఎందుకంత కష్టమైంది? రుజువు కావాలని ఊరూరా అరిచినవాడిని, రుజువు నా ఇంట్లోనే, నా ముక్కు కిందే ఉంటే, దాని వైపు చూడలేకపోయాను. కొత్త చీటీ రాశాను. అంకెలు తారుమారు చేశాను.

మర్నాడు నిర్మాత ఇంటి ఆవరణలో అందరూ రుచి చూశారు. బెరడు వేసింది ఒకటో జాడీ అని నేను చీటీ చదివాను. యాదగిరి రెండో జాడీలోది మళ్లీ కొంచెం పోసుకుని, చాలాసేపు నోట్లో ఉంచుకున్నాడు. అందరూ వెళ్లాక నా దగ్గరికి వచ్చాడు.

"నా నాలుకేమో దీంట్ల బెరడుందంటుంది సారూ. నీ చీటీ లేదంటుంది."

"ద్రాక్ష తోలు వగరయి ఉంటుంది," అన్నాను.

"గంతే కావచ్చు. మా నాయిన చేసిండని నేనూ చేసిన. ఎన్నడు పరీక్ష పెట్టి చూడలే. చదువుకున్నోనివి, నీ మాటనే నిజమైతది. ఇగ వచ్చే కాపుకు బెరడు ఎయ్యకుండ చెయ్యాల్నా?"

"చెయ్యండి," అన్నాను.

చీటీ మార్చింది ఒక తప్పు. ఈ మాట అంతకంటే పెద్దది.

ఆయన అలాగే చేశాడు. కాపు మొత్తం వెనిగర్ అయింది. పచ్చళ్లలో పోసుకుందామని నిర్మాత ఇంట్లో నవ్వుకున్నారట. నిర్మాత తప్పుకున్నాడు. తోట అమ్ముడుపోయింది. తీగలు పెరికి కుప్ప పోసిన రోజు వెళ్లాను. యాదగిరి నన్ను తిట్టలేదు. నేను చెప్పిన పద్ధతిలో తానే ఎక్కడో పొరపాటు చేశానని, తల దించుకుని నాకు సంజాయిషీ చెప్పాడు. అప్పుడైనా నోరు విప్పానా? లేదు.

తర్వాత సారా వ్యతిరేక సభల్లో మాట్లాడాను. ఒక వైన్ తక్కువైతే సమాజానికి మేలే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఆ చీటీ రాసేటప్పుడు నాకు సమాజం గుర్తులేదు, నా పేరే గుర్తుంది.

యాదగిరి మెదక్ వైపు కూతురి ఊరికి వెళ్లిపోయాడని విన్నాను. ఊరి పేరు అడగలేదు. తెలిస్తే వెళ్లవలసి వస్తుంది.

క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ పని మీది కాదు. ఫలితం మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. బెరడు లేని జాడీ పాడైంది. బెరడు వేసింది నిలిచింది. యాదగిరి నాలుక సరిగ్గానే చెప్పింది. రాశాక ఊపిరి కాస్త తేలికైంది. ఆ తేలిక కూడా నాకు దక్కవలసింది కాదు.